‘ఆల్కహాల్ లేని’ బీరులో ఉన్నదెంత?

సంపాదకుల వారికి,

జర్మనీ బీర్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనంలో, ఆల్కహాల్ లేని బీరు కోసం ‘బీరును మరిగించి ఆల్కహాల్ ఎగరగొడతారు’ అని రాశారు. మామూలుగా మరిగిస్తే మిగిలేది ఉడుకు వాసన కొట్టే మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) కషాయమే. దాన్ని అక్కడెవరూ డబ్బిచ్చి కొనరు.

పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది, ఆల్కహాల్‌ను పుట్టనివ్వకపోవడం. మాల్టు రసంలో ఈస్ట్ కలిపి సున్నా డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ చలికి ఈస్ట్ చక్కెర జోలికి పెద్దగా పోదు గానీ, పచ్చి వాసననిచ్చే ఆల్డిహైడ్లను మాత్రం తగ్గిస్తుంది. లేదంటే మాల్టు రసంలోని ప్రధాన చక్కెర మాల్టోజ్‌ను తినలేని ఈస్ట్ రకాన్ని వాడతారు. ఎలా చేసినా తీపి మిగులుతుంది. రెండోది, పూర్తిగా పులిసిన బీరును వాక్యూమ్‌లో పెట్టడం. మామూలుగా 78 డిగ్రీలకు మరిగే ఆల్కహాల్, పీడనం తగ్గిస్తే 40-45 డిగ్రీల దగ్గరే లేచిపోతుంది. చిక్కల్లా, గోధుమ బీరులోని అరటిపండు వాసన కూడా దాంతోపాటే పోతుంది. లవంగం వాసననిచ్చే పదార్థం అంత తేలిగ్గా ఆవిరి కాదు, గోధుమ ప్రోటీన్ల చిక్కదనమూ మిగులుతుంది. ఆల్కహాల్ తీసేశాక పిల్స్‌నర్ అనే లేత రంగు బార్లీ బీరు నీళ్లలా అనిపించినా గోధుమ బీరు నోటికి నిండుగా ఉండేది ఇందుకే.

మీరు ప్రస్తావించిన ఎర్డింగర్ బీరు కంపెనీ మ్యూనిక్ దగ్గరి ఎర్డింగ్‌లో 1886లో మొదలైంది. 1935 నుంచి బ్రోంబాక్ కుటుంబం చేతిలో ఉంది. దాని ఆల్కహాల్ లేని గోధుమ బీరును మారథాన్ల ముగింపు గీత దగ్గర పంచుతారు. లేబుల్ మీద ‘ఐసోటోనిక్’ అని ఉంటుంది. కరిగిన పదార్థాల గాఢత రక్తానికి దగ్గరగా ఉందన్నదే దాని అర్థం, ఉప్పు బాగా ఉందని కాదు. బీరులో సోడియం స్వల్పం. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పరుగెత్తి చెమటలో ఉప్పు పోగొట్టుకున్నవారికి ఉప్పేసిన మజ్జిగే నయం. పైగా అర లీటరులో 125 కేలరీల దాకా, పిండిపదార్థాలు 25 గ్రాములకు పైగా ఉంటాయి. మద్యం కాదు కదా అని షుగరు ఉన్నవాళ్లు లెక్క వదిలేయకూడదు.

ఇక ఆల్కహాల్ ‘చుక్క కూడా ఉండదు’ అని మీ కథనంలో అన్న మాట. జర్మనీలో 0.5 శాతం దాకా ఉన్నా ‘ఆల్కహాల్ లేనిది’ అని రాసుకోవచ్చు. మన ఆహార భద్రతా నిబంధనల్లోనూ మద్య పానీయమనేది 0.5 శాతం దాటాకే. అర లీటరులో అది 2.5 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 2 గ్రాములు. 5 శాతం బీరులోనైతే 20 గ్రాములు. మత్తెక్కే మోతాదు కాకపోవచ్చు గానీ, గర్భిణులు, మతాచారం రీత్యా అసలే వద్దనుకునేవారు ‘0.0’ అని ఉన్న సీసా చూసుకోవాలి. తాగుడు మానినవారికి అదీ వద్దు, ఆ రుచీ వాసనా చాలు మళ్లీ కోరిక పుట్టడానికి.

నిల్వ సంగతి కథనంలో లేదు. కాపాడే ఆల్కహాల్ లేక, చక్కెర మిగిలిన బీరు క్రిములకు అనువు. అందుకే దాన్ని సాధారణంగా పాశ్చరైజ్ చేస్తారు. మూత తీశాక ఆ పూటే తాగేయాలి.

ఇట్లు,
బీరు తయారీ రంగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు