మా పనివాళ్ళ గురించి మీరు అడిగినదానికి జవాబు

మా దగ్గర వంటగదులు, కప్‌బోర్డులు చేయించుకుంటున్న వారందరికీ నమస్కారం. చర్లపల్లి పారిశ్రామికవాడలోని మా వడ్రంగి కార్ఖానాలో జైలుకు వెళ్ళి వచ్చినవాళ్ళు పనిచేస్తున్నారని గత నెల ఒక అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వచ్చిన సందేశం మీలో చాలామందికి చేరింది. అది నిజమే, ఇద్దరు ఉన్నారు. ఆ తర్వాత రెండు ఆర్డర్లు రద్దయ్యాయి, వారి అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేశాను. మరికొందరు ఫోన్ చేసి, ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రమే ఉండే వేళల్లో అలాంటివాళ్ళను పంపుతారా అని అడిగారు. ఆ ప్రశ్నను నేను తప్పుపట్టను. బిగింపు పనికి వచ్చిన మనిషి మీ పడకగదిలో, బీరువా పక్కనే నిలబడి పనిచేస్తాడు కాబట్టి, వచ్చేది ఎవరో తెలుసుకోవాలనుకోవడం సహజం.

అడిగినవారిలో దాదాపు అందరి రెండో ప్రశ్న ఒకటే: ఏ కేసు? ఇద్దరిలో ఒకరు విచారణ ఖైదీగా లోపల ఉండి, చివరికి కోర్టు కేసు కొట్టేయగా బయటికి వచ్చారు. ఇంకొకరికి శిక్ష పడింది, దానిని పూర్తిచేసుకుని వచ్చారు. ఇంతకు మించి నేను చెప్పను, వారి పేర్లూ చెప్పను. పనిలో చేర్చుకునే ముందు ఇద్దరి కోర్టు కాగితాలూ చూశాను, వారి ఇళ్ళకు వెళ్ళి మాట్లాడాను, ఆ బాధ్యత నాది.

తప్పు చేయకపోతే ఊరికే లోపల వేస్తారా అని ఒక పెద్దాయన అన్నారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది, అంటే నలుగురిలో ముగ్గురు, నేరం ఇంకా రుజువు కాని విచారణ ఖైదీలే. బెయిలు మంజూరైనా పూచీకత్తుకు మనిషి దొరకకో, కట్టడానికి డబ్బు లేకో లోపలే ఉండిపోయేవారు ఎందరో ఉన్నారు కనుకనే, విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు సాయం చేసే పథకాన్ని కేంద్రం 2023లో తెచ్చింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) కూడా, మరణశిక్షో యావజ్జీవమో పడగల నేరాలను మినహాయించి, అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని మనిషి గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపితే, ఇతర కేసులేవీ లేనప్పుడు, విడుదల చేయాలంటోంది.

అయితే ఈ వాదన ఒక్కదానినే పట్టుకుని నిలబడడం నాకు ఇష్టం లేదు. దీనిని విన్నవారు వెంటనే, అలాగైతే కేసు కొట్టేసిన అతన్నే పంపండి, రెండో అతన్ని వద్దు అంటున్నారు. రెండో అతను తప్పు చేశాడు, అతను కూడా కాదనడు. కోర్టు వేసిన శిక్షను అనుభవించి వచ్చాక, దానికి పైన ఇంకెన్నేళ్ళు వెయ్యాలో నేనూ మీరూ కూర్చుని తేల్చడం మాత్రం నాకు సబబుగా తోచదు.

ఇద్దరిలో ఒకరి మీద వచ్చిన ఫిర్యాదు చెబుతాను. పని అయిపోయాక వెంటనే వెళ్ళకుండా వంటగదిలో ఏదో వెతుకుతున్నాడని ఒక ఇంటివారు ఫోన్ చేశారు. అతను వెతుకుతున్నది ఒక చిన్న ఉలి. జైలు వడ్రంగి షెడ్డులో సాయంత్రం పనిముట్లన్నీ లెక్క సరిపోతే తప్ప ఎవరినీ కదలనివ్వరు. ఆ అలవాటు కొద్దీ ఇప్పటికీ ఉలులు, స్క్రూడ్రైవర్లు, డ్రిల్ బిట్లు నేల మీద వరసగా పరిచి, ఒక్కొక్కటే లెక్కపెట్టి సంచిలో వేసుకుంటాడు. మిగతా కుర్రాళ్ళు మీ ఇళ్ళలో వదిలేసి వచ్చే టేపుల ఖర్చు చూస్తే, అందరికీ ఆ అలవాటు ఉంటే బాగుండుననిపిస్తుంది.

చంచల్‌గూడలో జైళ్ళశాఖ నడిపే పెట్రోలు బంకు ఉంది. కొలత సరిగా ఉంటుందని పనిగట్టుకుని అక్కడికే వెళ్ళేవారు మీలోనే ఉన్నారు. అలాంటి బంకుల్లో పైపు పట్టుకునేది ఖైదీలు, విడుదలైనవాళ్ళు.

దీనికి వ్యతిరేక దిశలో కూడా ఒక భ్రమ ఉంది. మీరు పుణ్యం కట్టుకుంటున్నారండీ అని కొందరు మెచ్చుకుంటున్నారు. ఇందులో పుణ్యం ఏమీ లేదు. ఛఠ్, హోలీ పండుగలకు బీహారు వడ్రంగులు ఊరికి వెళితే పని ఆగిపోతున్న రోజుల్లో, వడ్రంగి పని వచ్చిన స్థానికులు దొరికారు, చేర్చుకున్నాను. అందరికీ ఇచ్చే కూలే ఇస్తున్నాను. ఇబ్బందులు లేవనీ అనను: చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా మొదట మా షెడ్డుకే వచ్చి అడుగుతారు, ఆ పూట పని సాగదు.

ఇక ముందు జరిగేది ఇది. ఎవరినీ తీసేయడం లేదు. మీ ఇంటికి ఎప్పుడూ ఇద్దరికి తక్కువ కాకుండా వస్తారు, వారిలో ఒకరు మేస్త్రీ. మీరు ఇంట్లో ఉండే వేళనే బిగింపుకు పెట్టుకోవచ్చు, ఆదివారమైనా అదనపు ఛార్జీ లేదు. వస్తువు పోయిందన్న అనుమానం వస్తే నాకు ఫోన్ చేయండి, పోలీసులకు ఫిర్యాదు చేయాలనుకుంటే నేనే మీతో స్టేషనుకు వస్తాను. ఇవన్నీ విన్నాక కూడా వద్దనుకునేవారు, ప్లైవుడ్ కోతకు వెళ్ళకముందు చెబితే, అడ్వాన్సు పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు. కోత మొదలయ్యాక మాత్రం సరుకు ఖర్చు మినహాయించక తప్పదు. శ్రావణంలో గృహప్రవేశం ఉన్నవారు కొలతల తేదీ ఈ వారంలోనే చెప్పగలరు. కొలతలకు ఎప్పటిలాగే నేనే వస్తాను.