వేగులవాడి నైట్ డ్యూటీ

ఒరేయ్ బావా,

మొన్న మీ చెల్లెలు ఫోన్లో చెప్పింది విని పడీపడీ నవ్వావట. రాత్రి పన్నెండు దాటాక హాల్లో లైటు తీసేసి, హెడ్‌సెట్ పెట్టుకుని, ఎవరితోనో ఇంగ్లీషులో "వాళ్ళకి నా మీద అనుమానం రాలేదు" అని గుసగుసలాడుతుంటే తను విన్నది. తర్వాత రెండు రోజులు మా ఇంట్లో పప్పులో ఉప్పు లేదు. "ఆటలో గూఢచారిగా చేస్తున్నానే" అంటే ఏ పెళ్ళాం నమ్ముతుంది చెప్పు? నువ్వైనా నమ్ముతావని రాస్తున్నా. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో జోకులేస్తావ్, అందుకే ఉత్తరం.

హాస్టల్లో మనం ఆడిన ట్రావియన్ అనే ఇంటర్నెట్ యుద్ధాల ఆట గుర్తుందిగా. తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని లేచి, దాడి దిగేలోపు సైన్యాన్ని ఊరు దాటించేవాళ్ళం. మనకి తెలిసిన గూఢచర్యమంతా స్కౌట్లని పంపి ఎదుటోడి గిడ్డంగిలో ఎంత సరుకుందో చూడ్డమే. విధ్వంసమంటే రాళ్ళు విసిరే కాటపల్టులతో వాడి ధాన్యపు కొట్టు కూల్చడం, తిండి లేక వాడి సైన్యం మాడిపోతుంటే మనం మెస్సులో ఇంకో రెండు ఇడ్లీలు తినడం. ఇప్పుడు నేనాడే దాని ముందు అది పిల్లలాట.

దీని పేరు ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండ్‌లో సీసీపీ అనే కంపెనీ తయారుచేసింది, 2003 మే నుంచి నడుస్తోంది. అంతరిక్షం, ఓడలు, ఐదు వేలకు పైగా నక్షత్ర మండలాలు. చైనా వాళ్ళని పక్కన పెడితే ప్రపంచం మొత్తం ఒకే సర్వర్‌లో ఆడుతుంది. కాబట్టి ఇక్కడ పరువు పోయిందంటే ఇంకో సర్వర్‌కి వెళ్ళి కొత్త పేరుతో మొదలెడదామనే వీలు లేదు. ఆటగాళ్ళు కలిసి కార్పొరేషన్లు పెట్టుకుంటారు, కార్పొరేషన్లు కలిసి కూటములవుతాయి. ఖజానాలు, పన్నులు, సరిహద్దులు అన్నీ వాళ్ళవే. అసలు తమాషా ఏంటంటే, మోసం చెయ్యడం నిబంధనలకి విరుద్ధం కాదు! ఖజానా ఊడ్చుకుపో, కూటమిని అమ్మేయ్, ఎవడూ అడ్డు రాడు. బయటి బతుకు జోలికెళ్ళి బెదిరిస్తేనో, వేరేవాళ్ళ అకౌంట్ హ్యాక్ చేస్తేనో, ఆట డబ్బుని నిజం డబ్బుకి అమ్ముకుంటేనో మాత్రం గెంటేస్తారు.

దీంట్లో దిగాక నాకు బాగా అర్థమైంది ఒకటే, బావా. చాకిరీ చేసేవాణ్ణి ఎవడూ అనుమానించడు. ఓడల మీద తుపాకులు పేల్చడానికి వందమంది వస్తారు. లెక్కలు రాయమంటే, సరుకు మొయ్యమంటే, కొత్తగా చేరేవాళ్ళ దరఖాస్తులు చూడమంటే ఒక్కడూ రాడు. ఆ ఒక్కడివీ నువ్వైతే తాళాలు వాటంతట అవే నీ చేతికొస్తాయి.

2005లో గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్ అని ఒక కిరాయి ముఠా ఉండేది. యుబిక్వా సెరాఫ్ అనే కార్పొరేషన్‌ని, దాని అధినేత్రి మిరియల్‌ని దెబ్బ కొట్టమని వాళ్ళకి ఎవరో సుపారీ ఇచ్చారు. ముఠా మనుషులు ఒక్కొక్కరే వెళ్ళి అందులో చేరారు. దాదాపు ఏడాది పాటు అక్కడ నమ్మకంగా ఉద్యోగం చేశారు. ఒకడైతే ఆవిడకి కుడిభుజం అయిపోయాడు. ఏప్రిల్లో ఒకరోజు సంకేతం రాగానే ఆవిడ ఓడని సొంత రక్షకులే పేల్చేశారు, అదే సమయంలో గిడ్డంగులన్నీ ఖాళీ అయ్యాయి. పోయింది 30 బిలియన్ ఇస్క్ పైమాటే. ఇస్క్ అంటే ఆటలో డబ్బు. అప్పటి లెక్కలో అది 16,500 డాలర్ల సొత్తని పత్రికల్లో రాశారు. ఒప్పందం ప్రకారం ఆవిడ పాత్ర శవాన్ని కూడా కిరాయి ఇచ్చినవాడికి అప్పజెప్పారట. నాకు దోపిడీ కన్నా ముందు గడిచిన ఆ ఏడాదే ఆశ్చర్యంగా ఉంటుంది. రోజూ గుడ్ మార్నింగ్ చెప్పుకుంటూ, పుట్టినరోజు శుభాకాంక్షలు పెట్టుకుంటూ ఎలా ఉన్నార్రా వాళ్ళు?

2009 ఫిబ్రవరిలో జరిగిందైతే ఇంకా చిత్రం. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అప్పట్లో అందరికన్నా బలమైన కూటమి. గూన్‌స్వార్మ్ (వాళ్ళనే గూన్లంటారు) అనే శత్రుకూటమి వాళ్ళతో ఏళ్ళ తరబడి కొట్టుకుంటోంది. బ్యాండ్‌లో డైరెక్టర్ హోదా ఉన్న హార్గోత్ అగమార్ అనేవాడు మొహం మొత్తి గూన్ల వైపు వచ్చేశాడు. గూన్ల గూఢచారి దళానికి పెద్ద ది మిట్టానీ అనేవాడు, వృత్తిరీత్యా లాయరు. అగమార్ చేతిలో ఉన్న అధికారాలేంటో చూస్తే, వాడు బటన్ నొక్కితే కూటమే రద్దయిపోతుందని తేలింది. నొక్కాడు. ఎవరూ తిరిగి అదే పేరుతో పెట్టుకోకుండా ఆ పేరుని గూన్లే రిజిస్టర్ చేసేసుకున్నారు. కూటమి పోవడంతో భూముల మీద హక్కు పోయింది. హక్కుతోపాటే శత్రువుల పెద్ద ఓడలు లోపలికి దూకకుండా ఆపే జామర్లు పనిచెయ్యడం మానేశాయి. అదే ఏడాది వాళ్ళ కంచుకోట డెల్వ్ కూడా పోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే మరి. మరుసటి ఏడాది గూన్లకీ సొంత మనిషే టోపీ పెట్టాడనుకో, భూమి బిల్లులు కట్టకుండా వదిలేసి. అది ఇంకోసారి చెప్తా.

బిల్లులంటే గుర్తొచ్చింది, బీ-ఆర్ అనే మండలంలో జరిగిన యుద్ధం. 2014 జనవరి 27న మొదలై 21 గంటలు నడిచింది. టైటాన్లనే అతి పెద్ద ఓడలు 75 కాలిపోయాయి. నష్టం మూడు లక్షల డాలర్లకి తక్కువ ఉండదని కంపెనీయే లెక్కేసింది. అదెలా మొదలైందో తెలుసా? ఒక మండలం మీద హక్కు కోసం కట్టాల్సిన బిల్లు కట్టలేదు, అంతే. అక్కడ వేగులవాడు కూడా అక్కర్లేకపోయింది. మా సొసైటీలో లిఫ్టు మెయింటెనెన్స్ డబ్బు కట్టడం మర్చిపోయిన కోశాధికారి గుర్తొచ్చాడు నాకు. మేమేమో ఐదో అంతస్తు, వారం రోజులు ఎక్కి దిగాం.

మన కౌటిల్యుడు వీటన్నిటికీ ఎప్పుడో పేర్లు పెట్టేశాడు. వ్యాపారి వేషంలో ఉండేవాడు వైదేహకుడు, సన్యాసి వేషంలో ఉండేవాడు తాపసుడు, రెండు వైపులా జీతం తీసుకునేవాడు ఉభయవేతనుడు. ముగ్గురు వేగులు ఒకరికొకరు తెలియకుండా ఒకే మాట చెబితేనే నమ్మమన్నాడు. ఈవ్‌లో పెద్ద కూటములు ఇప్పటికీ చేసేదదే. శత్రువు గదుల్లో కనీసం ముగ్గుర్ని కూర్చోబెడతారు.

పట్టుకునే పద్ధతులూ బాగుంటాయి. చేరేటప్పుడు నీ ఆట ఉత్తరాలు, డబ్బు లావాదేవీలు, ఆస్తులు అన్నీ చూపించాలి. వేగు అకౌంట్‌కి అసలు అకౌంట్ నుంచి ఒక్క రూపాయి పంపావా, దొరికిపోయినట్టే. సభ్యులకి పంపే ప్రకటనలో ఒక్కొక్కరికి ఒక్కో చోట చిన్న మార్పు పెడతారు, అది బయటికి పాకితే ఎవరి కాపీయో తెలిసిపోతుంది. యుద్ధానికి బయల్దేరేటప్పుడు నాయకుడు ఎక్కడికెళ్తున్నామో చెప్పనే చెప్పడు. రెండొందల మంది నోరు మూసుకుని వెనకాల వెళ్ళడమే.

విధ్వంసంలో నాకు బాగా నచ్చింది అసలేమీ చెయ్యకుండా చేసేది. శత్రువుల గనులున్న మండలంలోకి ఒక ఓడని తీసుకెళ్ళి, మాయతెర కప్పి వదిలేస్తాం. ఆ మండలంలో ఉన్నవాళ్ళ పేర్లు పక్కన జాబితాలో అందరికీ కనిపిస్తుంటాయి. నీ పేరు కనిపిస్తుంది, ఓడ కనిపించదు. నువ్వు ఆఫీసులో మీటింగులో ఉంటావు, వాళ్ళేమో టెన్షన్‌తో గనులకి వెళ్ళరు. పొలంలో దిష్టిబొమ్మ తెలుసుగా, అదే. నేను అలా వారం పాటు ఒకళ్ళ సంపాదన ఆపాను, అందులో రెండు రోజులు మా అత్తారింట్లో ఉన్నాను.

ఇక నా సంగతి. మా కూటమి నన్ను పక్క ప్రాంతంలో ఉన్న చిన్న కార్పొరేషన్లోకి పంపింది. ముప్పైమంది ఉంటారు. నాయకుడు న్యూజిలాండ్‌లో బస్సు నడుపుతాడు, ఇద్దరు మనవలు. అతనికి పొద్దున్న టీ అయ్యేసరికి నాకు రాత్రి ఒంటిగంట, అందుకే నా గుసగుసలన్నీ ఆ టైంలో. మా కూటమిలో నా పై అధికారి ఒక్కటే చెప్పాడు: "ఏమీ అడక్కు, ఏదడిగితే అది చెయ్యి." నేను చేశాను. ఓడలు మోశాను, కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పాను. నాలుగో నెలలో స్టేషన్ మేనేజర్ హోదా ఇచ్చి, ఆటలో ఒక చంద్రుడి మీద తవ్వకాలు జరిపే ఏథనార్ అనే స్టేషన్‌కి ఫ్యూయెల్ బ్లాకులు, అంటే ఇంధనం, వెయ్యడం నాకప్పగించారు. అంతకుముందు ఆ పని చేసినవాడు నాకు దణ్ణం పెట్టినంత పని చేశాడు.

ఇంధనం ఆగిందంటే ఏథనార్ నీరసంలోకి పోతుంది. దాడి జరిగితే యజమానులు తేరుకోడానికి దొరికే గడువుల్లో ఒకటి ఎగిరిపోతుంది. మా వాళ్ళు నన్నడిగింది ఆ ఒక్కటే. ఒక శనివారం నేను బ్లాకులు వెయ్యలేదు. ఏమీ పేల్చలేదు, ఏమీ దొంగిలించలేదు. మా అమ్మాయితో కలిసి సినిమాకెళ్ళాను. అర్ధరాత్రి వచ్చి చూస్తే మా కూటమి ఓడలు దాన్ని చుట్టుముట్టి ఉన్నాయి. మంగళవారానికి అది లేదు.

నన్ను తిడతారనుకున్నా. బస్సాయన మాత్రం "తప్పు నాదే, అంతా నీ నెత్తిన పెట్టాను, ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?" అని రాశాడు. అది చదివి స్క్రీన్ కట్టేశాను, బావా.

గూన్లలో వైల్ ర్యాట్ అని ఒకాయన ఉండేవాడు. ఆటలో రాయబారి. బయట ఆయన షాన్ స్మిత్, అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగి. 2012 సెప్టెంబరు 11న బెంగాజీ దాడిలో చనిపోయాడు. ఆ వారం ఎన్నో కూటములు, శత్రువులు కూడా, తమ స్టేషన్లకి ఆయన పేరు పెట్టుకున్నాయి. ఆ రాత్రి ఎందుకో ఆయనే గుర్తొచ్చాడు.

మా వాళ్ళు "ఇక బయటికొచ్చెయ్" అన్నారు. నేనింకా రాలేదు. నన్ను అనుమానించినవాడు లేడు. పైగా కొత్త ఏథనార్ కట్టుకున్నారు, ఇంధనం డ్యూటీ మళ్ళీ నాకే ఇచ్చారు. రోజూ సాయంత్రం నాలుగున్నరకి సర్వర్ కాసేపు ఆగుతుంది, లేచాక వెళ్ళి చూడాలి. ట్యాంకులో ఇంకా ఆరు రోజులకి సరిపడా ఉంది.

నువ్వు దసరాకి వస్తున్నావుగా, మీ చెల్లెలికి కాస్త నచ్చజెప్పు.

నీ బావ