వార్షిక నివేదిక 2024–25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది నివేదిక మరీ పొడుగైందని కొందరన్నారు. తమ పేటలో జరిగిన పని అందులో రాలేదని ఇంకొందరన్నారు. రెండూ గుర్తు పెట్టుకునే ఇది రాయడానికి కూర్చున్నాను. ఇద్దరినీ ఒకేసారి మెప్పించడం మాత్రం నావల్ల కాలేదు, మన్నించాలి.

ఆధార్ తప్పనిసరి చెయ్యొద్దని బెంగళూరులో తెలుగువాళ్లం ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. కాకపోతే పోయిన సర్వసభ్య సమావేశంలో మన పెద్దాయన ఒకరు లేచి అడిగిన ప్రశ్న ఒకటి బాకీ ఉంది. "ఆధార్ తప్పనిసరి చెయ్యొద్దని బ్యానర్ కడతారు. ఆదివారం వస్తే అదే బ్యానర్ కింద టేబులు వేసుకుని జనానికి ఆధార్ సరిచేసి పెడతారు. ఇదేం సంఘమయ్యా?" అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ జవాబు చెప్పలేకపోయాను. ఏడాదంతా ఆ ప్రశ్న నా వెంటే తిరిగింది.

ముందు ఆ ఆదివారం టేబులు సంగతే చెప్తాను. సీవీ రామన్ నగర్‌లో మన సభ్యుడి జెరాక్స్ షాపు ముందు, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 దాకా, ఈ ఏడాది 43 ఆదివారాలు కూర్చున్నాం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అనంతపురం, కర్నూలు, సత్యసాయి జిల్లాల నుంచి కట్టడం పనులకు వచ్చి కడుగోడి, వైట్‌ఫీల్డ్ వైపు రేకుల షెడ్లలో ఉంటున్నవాళ్లు. సగం కేసులు పేర్లవే. మనకు ఇంటిపేరు ముందు. ఇక్కడి ఆపరేటర్లకు అది వెనక ఉండాలి, లేదా ఒక్క ఇనిషియల్ అయితే చాలు. ఊళ్లో రేషన్ కార్డు మీద ఒక పేరు, ఇక్కడ కన్నడంలో కొట్టిన ఆధార్ మీద ఇంకో పేరు, బ్యాంకు పుస్తకంలో మూడో పేరు. ముగ్గురూ ఒకరే అని చెప్పడానికి ఆ మనిషి కూలి మానుకుని నాలుగు రోజులు తిరగాలి. ఈ తిరుగుడుకయ్యే ఖర్చు ఏ లెక్కల్లోనూ కనపడదు.

హిందూపురం దగ్గర పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దావిడ గురించి కొంచెం వివరంగా రాయాలి. ఇటుకలు మోసి మోసి ఆమె వేళ్ల చివర్లు గాజుపలకలా నున్నగా అయిపోయాయి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం కింద ఊరి కార్డు మీద ఇక్కడే బియ్యం తీసుకోవచ్చని ఎవరో చెబితే డిపోకి వెళ్లింది. వేలు పెట్టమన్నారు, పెట్టింది. తుడిచి పెట్టమన్నారు, కొంగుతో తుడిచి పెట్టింది. తర్వాత తనే తల్లో నూనె కాస్త వేలికి రాసి మళ్ళీ పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. మా టేబులు దగ్గరికి వచ్చి ఆమె అన్న మాట ఇది: "నేను ఈడే నిలబడుండా గదా నాయనా, నా ఏలు నన్ను కాదంటాదేమి?"

వేలిముద్ర పడలేదన్న కారణంతో ఎవరికీ హక్కుగా రావలసింది ఆపకూడదని, వేరే దారిలో ఇవ్వాలని ఆధార్ సంస్థే 2017 అక్టోబరు 24న సర్క్యులర్ ఇచ్చింది. ఆ కాగితం మన దగ్గర ఎప్పుడూ పది కాపీలు ఉంటుంది. తీసుకెళ్లి చూపిస్తే డిపో ఆయన చదివి, మడిచి, తిరిగి చేతిలో పెట్టి "నాకు పైనుంచి ఏమీ రాలేదు సార్" అన్నాడు. మూడో వారానికి, అదే కార్డులో పేరున్న కోడలు పని మానుకుని వస్తే ఆమె వేలికి బియ్యం వచ్చాయి. పెద్దావిడ ఎవరో ఇప్పటికీ రుజువు కాలేదు. కోడలు ఎవరో మాత్రం రుజువైంది. పింఛను కోసం ఆవిడ ఇప్పటికీ ఒకటో తారీఖుకి రైలెక్కి ఊరికి పోతూనే ఉంది. 4,000 పింఛనులో ఎంత చార్జీలకు పోతుందో మీరే లెక్కేసుకోండి.

ఇది కాక పుకార్ల పని ఒకటి. పదేళ్లు దాటిన ఆధార్ అప్‌డేట్ చేసుకోకపోతే రద్దయిపోతుందని వాట్సాప్‌లో తిరిగింది. నిజానికి అది ఆన్‌లైన్లో ఉచితంగా పత్రాలు పెట్టుకునే గడువు మాత్రమే. అది 2024 జూన్ 14 నుంచి సెప్టెంబరు 14కి, అక్కణ్ణుంచి డిసెంబరు 14కి, మళ్ళీ 2025 జూన్ 14కి జరుగుతూ వచ్చింది. గడువు జరిగిన ప్రతిసారీ టేబులు ముందు క్యూ పెరిగింది. అప్పట్లో 50 రూపాయలకయ్యే పనికి ఒక సేవా కేంద్రంలో 300 ఇచ్చి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. రసీదు అడగండమ్మా అని చెప్పి చెప్పి మా గొంతులు పోయాయి.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది నవంబరు సంస్మరణ సభ. జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామిగారు 2024 అక్టోబరు 28న ఇదే బెంగళూరులో, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మన తెలుగువాళ్లలో చాలామందికి ఆయన పేరు ముందు 'పుట్టస్వామి కమిషన్'గానే తెలుసు. కాపుల రిజర్వేషన్ చర్చ వచ్చినప్పుడల్లా వినపడిన ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్ అదే. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన ఆ మనిషి, 2012లో, 86 ఏళ్ల వయసులో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆధార్ బిల్లును పార్లమెంటు స్థాయీ సంఘం 2011లోనే తిప్పికొట్టింది గదా, మరి చట్టం లేకుండా జనం వేలిముద్రలు ఏ అధికారంతో తీసుకుంటున్నారని అడిగారు. ఆ ఒక్క పిటిషన్ వల్లే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. 2018 సెప్టెంబరు 26 తీర్పులో మనకు కావలసిందంతా రాలేదు. రేషన్, పింఛన్ల వంటి వాటికి ఆధార్ అడగొచ్చని నలుగురు అన్నారు, జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరే కుదరదన్నారు. అయినా బ్యాంకు ఖాతాకీ, మొబైలుకీ, బడిలో చేరికకీ తప్పనిసరి కాదని తేలింది ఆ రోజే. ఈ కేసుల వరసలోనే మన నెల్లూరు ఆడపడుచు, బాలల హక్కుల కోసం పనిచేసే శాంతా సిన్హాగారు వేసిన పిటిషన్ కూడా ఉందని సభలో చెబితే చాలామందికి అదే మొదటిసారి వినడం.

నవంబరు రెండో ఆదివారం, ఒక బడి భోజనాల హాల్లో సభ పెట్టాం. 120 కుర్చీలు అద్దెకు తెచ్చాం. పొద్దున్నుంచీ జల్లు పడుతూనే ఉంది, ఎవరొస్తారులే అనుకున్నాం. కుర్చీలు చాలక చాపలు పరిచాం. వక్తల వరుసలో ఒక కుర్చీ మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉంది. పిలిచి, రెండుసార్లు ఫోన్ చేసి, వస్తామనిపించుకున్న అధికారిది అది. కుర్చీ మీద అంటించిన పేరు చీటీని ఉప్మా వడ్డించే పిల్లవాడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

రిటైరైన మన చరిత్ర మాస్టారు ఆ రోజు చెప్పిన జోహన్నెస్‌బర్గ్ కథ రానివాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. 1906లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం అక్కడి భారతీయులంతా, ఎనిమిదేళ్లు దాటిన పిల్లలతో సహా, పేర్లు నమోదు చేయించుకుని పది వేళ్ల ముద్రలూ వేయాలంది. గాంధీగారు ఎదురుతిరిగారు, జైలుకు పోయారు. 1908 జనవరిలో అక్కడి మంత్రి స్మట్స్‌తో రాజీ కుదిరింది. జనం ఇష్టపూర్వకంగా నమోదు చేయించుకుంటారు, ప్రభుత్వం చట్టం తీసేస్తుంది. ఫిబ్రవరి 10న గాంధీగారు తానే ముందు ముద్రలు వేయడానికి బయల్దేరితే, మీర్ ఆలం అనే పఠాన్ దారిలో అడ్డగించి కర్రతో కొట్టాడు. పక్కనున్న తంబి నాయుడిగారికీ దెబ్బలు తగిలాయి. "నిన్న వద్దన్నావు, ఇవాళ నువ్వే ఇస్తున్నావేం?" అన్నదే మీర్ ఆలం కోపం. బలవంతంగా అడిగితే ఇవ్వను, నా ఇష్టం మీద అయితే ఇస్తాను అన్నది గాంధీగారి లెక్క. మంచం మీద పడుకునే ముద్రలు వేశారు. స్మట్స్ చట్టం తియ్యలేదు. ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో పెద్ద ఇనప గంగాళంలో 2,000 పైచిలుకు సర్టిఫికెట్లు వేసి కిరసనాయిలు పోసి తగలబెట్టారు. ఆ గుంపులోకి మీర్ ఆలం వచ్చి, కొట్టడం తప్పయిందని చెప్పి, తన సర్టిఫికెట్ కూడా మంటకిచ్చాడు.

సభ అయ్యాక మన పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "అయితే పోయినేడాది మీర్ ఆలాన్ని నేనేనన్నమాట" అన్నారు. ఉప్మా ప్లేటు ఆయన చేతిలో ఉంది కాబట్టి కర్ర లేదులెండి అన్నాను. డిసెంబరు నుంచి ఆయన ప్రతి ఆదివారం టేబులు దగ్గర ఫారాలు నింపుతున్నారు. ఆయన చేతిరాత మా అందరికంటే బాగుంటుంది.

అదే సభలో ఒక కుర్రాడు, ఎక్కడైనా జనం వద్దంటే కార్డు పోయిందా సార్ అని అడిగాడు. మన లాయరుగారు జవాబు చెప్పారు. ఆస్ట్రేలియాలో 1987లో పథకమే విరమించుకున్నారు. ఇంగ్లండులో యుద్ధకాలపు కార్డు చూపించనని క్లారెన్స్ విల్కాక్ అనే ఆయన 1950లో పోలీసుకు ఎదురుచెప్పి కోర్టుకెక్కితే, 1952లో ఆ కార్డులే ఎత్తేశారు. 2006లో మళ్ళీ చట్టం తెచ్చి 2010లో రద్దు చేసుకున్నారు. కుర్రాడు అన్నీ రాసుకున్నాడు. సభ్యత్వం మాత్రం ఇంకా తీసుకోలేదు.

బడుల దగ్గర నడిచిన అపార్ (విద్యార్థి గుర్తింపు నంబరు) గొడవ మీలో పిల్లలున్న వాళ్లందరికీ తెలిసిందే. తల్లిదండ్రుల సమ్మతితోనే విద్యార్థి నంబరు ఇస్తామని కాగితం మీద ఉంది. మా అబ్బాయి స్కూలు నుంచి వచ్చిన మెసేజ్‌లో మాత్రం "రేపటిలోగా సంతకం పెట్టి పంపాలి" అనే ఉంది. సమ్మతికి రేపటిలోగా ఏమిటో నాకు అర్థం కాలేదు. పైగా ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు అచ్చు ఒకటే కావాలి, మన ఇంటిపేర్లతో మళ్ళీ అదే టెన్షన్. సమ్మతి ఇవ్వడం లేదని చెప్పే ఉత్తరం తెలుగులో, కన్నడంలో తయారుచేసి పంచాం. మేము తిరిగిన మూడు బళ్లలో ఒకటి ఉత్తరం తీసుకుని రసీదిచ్చింది. ఒకటి తీసుకుంది, రసీదివ్వలేదు. మూడోది గేటు దగ్గరే ఆపేసింది.

వ్యక్తిగత డేటా చట్టం ముసాయిదా నిబంధనలు 2025 జనవరి 3న వచ్చాయి. జనం అభిప్రాయాలు పంపడానికి గడువు ఫిబ్రవరి 18 అని, తర్వాత మార్చి 5 అని అన్నారు. మనం నాలుగు పేజీలు పంపాం. అది సాగుతుండగానే జనవరి 31న ప్రైవేటు సంస్థలు కూడా ఆధార్‌తో మనిషిని సరిచూసుకునేలా కొత్త సవరణ వచ్చింది. ఆధార్ చట్టం 57వ సెక్షన్‌లో ప్రైవేటు సంస్థలకిచ్చిన వీలును కొట్టేసి 2018లో సుప్రీంకోర్టు మూసిన తలుపు ఇది. అపార్ట్‌మెంట్లలో పనివాళ్ల దగ్గర ఆధార్ జెరాక్స్ తీసుకుని వాచ్‌మన్ సొరుగులో పడేసేవాళ్లకు ఇక చెప్పేదేముంది. ఆఖరి నాలుగంకెలు మాత్రమే కనపడే మాస్క్‌డ్ కాపీ ఇస్తే చాలని 14 అపార్ట్‌మెంట్లలో నోటీసు అంటించాం. ఆరు చోట్ల వారంలోపే చించేశారు.

మూడు సమాచార హక్కు దరఖాస్తులు వేశాం. ఒకదానికి జవాబు రాలేదు. ఒకటి వేరే కార్యాలయానికి బదిలీ అయింది. ఆ వేరే కార్యాలయం దాన్ని మళ్ళీ మొదటి కార్యాలయానికే పంపింది. మూడోదానికి అప్పీలు నడుస్తోంది.

వాలంటీర్ల గురించి రాయొద్దని అధ్యక్షులవారు అన్నారు, రెండు వాక్యాలు మాత్రం రాస్తాను. షెడ్ల సర్వేకి రమ్మని గ్రూపులో పెడితే 40 బొటనవేలి బొమ్మలు వచ్చాయి, కడుగోడి స్టేషన్ దగ్గరికి మనుషులు ఆరుగురు వచ్చారు, అందులో ఇద్దరు మా ఇంటివాళ్లు. వేలిముద్రలు వద్దనే సంఘంలో బొటనవేళ్లకు మాత్రం కొదవ లేదు.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీకి జతచేశాం. చందాలు, సభ్యత్వాలు కలిపి 86,450 వచ్చాయి, 81,900 ఖర్చయ్యాయి, ఆడిటర్‌గారు సంతకం చేశారు. జెరాక్స్‌ల ఖర్చు ఎందుకంత అని అడగదలచుకున్నవాళ్లు ఒక్క ఆదివారం వచ్చి కూర్చుంటే చాలు.

షాపు ముందు చోటిచ్చి, కరెంటు బిల్లు కూడా అడగని మన సభ్యుడికి, సభకు హాలిచ్చిన బడి యాజమాన్యానికి, ఉప్మా, కాఫీ ఏర్పాటు చేసిన మహిళా విభాగానికి, ఫీజు లేకుండా అప్పీళ్లు రాసిపెడుతున్న లాయరుగారికి, చరిత్ర మాస్టారికి, కన్నడం అనువాదాలన్నీ రాత్రికి రాత్రి చేసిచ్చిన మన పక్కింటి కన్నడ మిత్రులకు, కుర్చీలు మోసిన పిల్లలకు, పేర్లు మరిచిపోయినవాళ్లు ఉంటే వాళ్లకు కూడా కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

కోశాధికారి, సహాయ కార్యదర్శి పదవులు ఈ సమావేశంతో ఖాళీ అవుతున్నాయి. నామినేషన్ కాగితాలు కాఫీ టేబులు మీద ఉన్నాయి, గుర్తింపు పత్రం ఏదీ జతచేయక్కర్లేదు. వచ్చే ఆదివారం నేను ఊళ్లో ఉండను. టేబులు, బ్యానర్, సర్క్యులర్ కాపీలు ఉన్న ట్రంకుపెట్టె తాళంచెవి పెద్దాయన దగ్గరుంది. 10 గంటలకల్లా ఇద్దరైనా వెళ్లండి.

కార్యదర్శి