మా బడికి లెక్కల మాస్టారిని పంపండి సార్

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది పల్నాడులో ఒక పల్లెటూరు. మా అమ్మాయి ఊళ్లోనే ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాలలో ఏడో తరగతి చదువుతోంది. పోయిన జూన్‌లో బదిలీలు జరిగినప్పటి నుంచి ఆ బడిలో లెక్కల మాస్టారు లేరు. ఈ సంగతి మండలంలో చెప్పాం, జిల్లాలో చెప్పాం, సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లి ప్రజల సమస్యలు వినే పీజీఆర్‌ఎస్‌లో అర్జీ పెట్టాం, తల్లిదండ్రులతో టీచర్లు మాట్లాడే మెగా పీటీఎం రోజున బడికి వచ్చిన పెద్దవాళ్ల ముందు నిలబడి కూడా చెప్పాం. కొన్నాళ్లకు మీ అర్జీ పరిష్కారమైంది అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మాస్టారు మాత్రం రాలేదు. పరిష్కారం ఏమిటయ్యా అని అడిగితే, వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద, అంటే తాత్కాలిక సర్దుబాటుగా, పక్క ఊరి హైస్కూల్ సారు వారానికి రెండు రోజులు వస్తారని రాసి అర్జీ మూసేశారట. ఆ సారు కొన్ని వారాలు వచ్చారు, పాపం బాగానే చెప్పారు, తర్వాత వాళ్ల హైస్కూల్లో పదో తరగతి సిలబస్ ఉందని ఆపేశారు. ఆయన్ని నేను తప్పుపట్టను. కానీ మా అర్జీ మీ కంప్యూటర్లో ఇప్పటికీ పరిష్కారమైనట్టే ఉంటుంది కదా సార్, ఇక మా బాధ మీదాకా ఎలా వస్తుంది?

లెక్కల మాస్టారు లేకపోతే ఏమవుతుందో ఒక తల్లిగా నాకు తెలిసింది చెప్తాను, దయచేసి చివరిదాకా చదవండి.

మా అమ్మాయికి కూడికలు, తీసివేతలు వచ్చు. ఎక్కాలు పన్నెండో ఎక్కం దాకా గడగడా చెప్తుంది. భిన్నాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. 1/2, 1/3 కలపమంటే పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ ఐదు, కాబట్టి 2/5 అని రాస్తుంది. తనొక్కతే కాదు, వాళ్ల క్లాసులో చాలామంది అలాగే రాస్తారు. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే ఎక్కువ రావాలి, 2/5 అంటే సగం కంటే తక్కువ, అదెలా వస్తుంది అని ఒక్కసారి ఎవరైనా ఆపి అడిగితే ఆ పిల్లకే తట్టేది. కాగితం ఇచ్చి మడతపెట్టించి, ఆరు భాగాలు చేయించి, ఇదిగో సగమంటే మూడు భాగాలు, మూడో వంతంటే రెండు భాగాలు, కలిపితే 5/6 అని చూపిస్తే క.సా.గు (కనిష్ఠ సామాన్య గుణిజం) ఎందుకు నేర్పారో కూడా అర్థమయ్యేది. ఇప్పుడు వాళ్లకి క.సా.గు వేరే లెక్క, భిన్నాలు వేరే లెక్క. రెంటికీ సంబంధం ఉందనే తెలియదు. హిందీ టీచర్ గారు ఆ పీరియడ్ తీసుకుని గైడ్‌లో ఉన్న జవాబులు బోర్డు మీద వేస్తున్నారు, పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటున్నారు. నోట్సు చూస్తే లెక్కలన్నీ రైటే. ఆ టీచర్ గారు మాత్రం ఏం చేస్తారు, ఆవిడ చదివింది హిందీ.

దశాంశాలదీ అదే కథ. 0.35 పెద్దదా 0.4 పెద్దదా అంటే 0.35 అంటుంది, నాలుగు కంటే ముప్పై ఐదు పెద్దది కదమ్మా అని నాకే చెప్తుంది. మా పట్టాదారు పాస్‌పుస్తకంలో 1.50 అని ఉంటుంది, లెక్కల పుస్తకంలో 1.5 అని ఉంటుంది, రెండూ ఒకటే అంటే నమ్మదు. 1.5 ఎకరాలంటే ఎకరం ఐదు సెంట్లు అంటుంది. నలభై ఐదు సెంట్ల భూమి పోయింది సార్ ఆ ఒక్క తప్పులో! రేపు ఇదే పిల్ల డ్వాక్రా గ్రూపులో పుస్తకం రాయాలి, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని తెలుసుకుని అప్పు తీసుకోవాలో వద్దో తేల్చుకోవాలి, మిర్చి యార్డులో కాటా దగ్గర నిలబడి క్వింటా ధర, కిలోల తరుగు తనే లెక్క వేసుకోవాలి. ఇవన్నీ ఈ ఆరు, ఏడు తరగతుల లెక్కలే. నేను ఇంటర్‌తో ఆపేశాను, మా ఆయన పదో తరగతి. ఇంట్లో కూర్చోబెట్టి చెప్తాం, చెప్పకుండా ఎక్కడికి పోతాం? కానీ నేను నేర్చుకున్న పద్ధతి వేరు, ఇప్పుడు పుస్తకంలో అడిగే తీరు వేరు, పైగా పరీక్ష ఇంగ్లీషులో రాయాలి. లవం, హారం అని నేను చెప్తే న్యూమరేటర్, డినామినేటర్ అనమంటుంది. పక్క పేజీలో తెలుగు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నాకు అదీ అర్థమయ్యేది కాదు.

ఇంకొక్క మాట సార్, ఈ బ్యాచ్ గురించి. ఈ 2025-26లో ఏడో తరగతిలో ఉన్న పిల్లలు 2019 జూన్‌లో ఒకటో తరగతిలో చేరారు. ఏడాది పూర్తి కాకముందే 2020 మార్చిలో లాక్‌డౌన్. రెండో తరగతికి 2021 ఫిబ్రవరిలో బడి తెరిచి ఏప్రిల్‌లో మళ్లీ మూసేశారు. మూడో తరగతి ఆగస్టులో మొదలైంది. నాలుగుకి వచ్చేసరికి 117 జీవో వచ్చింది, మా వీధిలో ఉన్న ప్రైమరీ స్కూల్ నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతులు తీసి పెద్ద బడిలో కలిపారు. ఉన్న ఒక్క లెక్కల మాస్టారే పెద్ద తరగతులతో పాటు ఈ చిన్న పిల్లలకీ చెప్పాల్సి వచ్చింది. భాగహారం సరిగ్గా నేర్పాల్సిన వయసు అది! ఆ జీవో మీ ప్రభుత్వం తీసేసింది, మంచిదే, మేము సంతోషించాం. కానీ తీసేసేనాటికి మా పిల్లలు ఆరో తరగతి కూడా దాటేశారు. నిపుణ్ భారత్ అంటారు, ఎఫ్‌ఎల్‌ఎన్ అంటారు, చదవడం, రాయడం, లెక్కల పునాది నేర్పే అవన్నీ చిన్న తరగతుల వాళ్లకి. మా పిల్లలు ఆ వయసులో ఉన్నప్పుడు బడి మూసి ఉంది, ఇప్పుడు బడి తెరిచి ఉంది కానీ చెప్పే మనిషి లేడు. ఏ పథకమైనా వీళ్లు దాటిపోయిన తర్వాతే వస్తోంది.

ఇది మా ఊరి గొడవ ఒక్కటే అనుకోవద్దు. 2024 డిసెంబర్‌లో పిల్లలకి చదువు ఎంత వచ్చో చూడటానికి దేశమంతా పరఖ్ సర్వే చేశారు కదా, అప్పుడు ఆరో తరగతిలో ఉన్నది సరిగ్గా ఈ బ్యాచే. పది వరకు కూడికల, గుణకారాల ఎక్కాలు వచ్చినవాళ్లు దేశం మొత్తం మీద 53 శాతం అని తేలింది. సగం, పావు లాంటి భిన్నాలను చూపించి, పోల్చగలిగినవాళ్లు 29 శాతమే. నూటికి డెబ్బై మంది పిల్లలకి సగం, పావు సంగతి సరిగ్గా తెలియదని ప్రభుత్వమే చెప్పిన తర్వాత కూడా ఆ బ్యాచ్‌కి మాస్టారు లేకుండా ఒక ఏడాది గడిపేస్తే ఎలా సార్?

టీచర్ల నియామకానికి మెగా డీఎస్సీ వేసినప్పుడు ఎంత ఆశ పెట్టుకున్నామో మీకు చెప్పలేను. 16,347 పోస్టులు అన్నారు, అందులో ఒక్కరు మా బడికి రాకపోతారా అనుకున్నాం. కొత్త టీచర్లు ఉద్యోగాల్లో చేరారని టీవీలో చూసి మా పిల్లలు రేపో మాపో మాకూ వస్తారని ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. కారణం అడిగితే మీ బడిలో పిల్లల సంఖ్య తక్కువ అన్నారు. అయ్యా, సంఖ్య ఎందుకు తగ్గింది? మాస్టారు లేరని తగ్గింది. పొద్దున్నే ప్రైవేటు స్కూలు వ్యాన్ మా వీధిలోకి వస్తుంది, దసరా తర్వాత మరి కొందరు పిల్లలు అందులో ఎక్కారు, వాళ్ల అమ్మానాన్నలు అప్పు చేసి ఫీజు కట్టారు, లెక్కలు రాకపోతే ఎందుకూ కొరగాకుండా పోతారనే భయంతోనే. పిల్లలు తగ్గారని మాస్టారిని ఇవ్వరు, మాస్టారు లేరని పిల్లలు తగ్గుతారు. ఇలాగే ఇంకో రెండేళ్లు వదిలేస్తే మీకు మూసేయడానికి కూడా ఏమీ మిగలదు. మాలాంటివాళ్లం వ్యాన్ ఎక్కించలేం. మా పిల్లలకి ఉన్నది ఆ బడి ఒక్కటే.

విద్యాహక్కు చట్టం 2009లోనే వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో సైన్స్, లెక్కలకి కనీసం ఒక టీచర్ ఉండాలని అందులోనే రాసి ఉంది. పిల్లలు తక్కువుంటే అక్కర్లేదని నాకైతే ఎక్కడా కనిపించలేదు. మేము అడుగుతున్నది కొత్తదేమీ కాదు.

మీరు ఏమీ చేయలేదని నేను అనను. తల్లికి వందనం డబ్బులు పడ్డాయి, మా అమ్మాయికి బ్యాగు, బూట్లు, యూనిఫాం అన్నీ వచ్చాయి, మధ్యాహ్నం సన్నబియ్యం అన్నం తింటోంది. చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. కానీ ఆ బ్యాగులో ఉన్న లెక్కల పుస్తకం తెరిచి చెప్పేవాళ్లు కావాలి సార్. మా హెడ్‌మిస్ట్రెస్ గారు మంచివారు, ఆవిడే రెండు క్లాసులు కలిపి కూర్చోబెట్టి లెక్కలు చెప్పాలని చూస్తారు, ఇంతలో యాప్‌లో అటెండెన్స్ పడలేదని ఫోను, భోజనం వివరాలు పెట్టలేదని ఫోను, మండలంలో మీటింగ్ అని ఫోను. ఆ పీరియడ్ అక్కడితో సరి.

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. ఏప్రిల్‌లో పరీక్షలు. నిష్పత్తులు, శాతాలు, సామాన్య సమీకరణాలు, ఘాతాంకాలు అన్నీ మిగిలే ఉన్నాయి, భిన్నాలు రాని పిల్లకి ఇవేవీ ఎక్కవు. ఫెయిల్ చేసి అదే తరగతిలో ఆపే డిటెన్షన్ లేదు కాబట్టి జూన్‌లో ఎనిమిదో తరగతిలో కూర్చోబెడతారు, పదో తరగతిలో లెక్కల పేపర్ పోతే మాత్రం ఆ పిల్లనే తెలివితక్కువది అంటారు. మగపిల్లాడైతే ఏదో పనిలో పెడతారు, ఆడపిల్లకి అక్కడితో చదువు ఆపి సంబంధాలు చూడటం మొదలుపెడతారు. నా భయమంతా అదే.

రెగ్యులర్ లెక్కల మాస్టారు (స్కూల్ అసిస్టెంట్) కుదరకపోతే, ఈ మూడు నెలలకి తాత్కాలికంగా పాఠాలు చెప్పే అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్‌నైనా వేయండి. అదీ కుదరకపోతే, వారానికి రెండు రోజులు వచ్చిన ఆ సారునే మళ్లీ పంపండి, కానీ రాసినట్టు నిజంగా వచ్చేలా చూడండి. వేసవి సెలవుల్లో ఏడో తరగతి వాళ్లకి భిన్నాలు, దశాంశాలు, భాగహారం మొదటి నుంచి చెప్పించండి, మధ్యాహ్న భోజనం లేకపోయినా ఫర్వాలేదు, మేము క్యారేజీ కట్టి పంపుతాం. వచ్చే జూన్‌లో పోస్టు మాత్రం ఖాళీగా ఉంచొద్దు. ఇంకో సంగతి, మా అర్జీని పరిష్కారమైంది అని మూసే ముందు ఒక్కసారి మా హెడ్‌మిస్ట్రెస్ గారికి ఫోన్ చేసి, లెక్కల మాస్టారు ఈరోజు బడికి వచ్చారా అని అడిగించండి. వచ్చారని ఆవిడ చెప్తేనే మూసేయండి.

ఇట్లు
ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తల్లి
పల్నాడు