మంత్రి గారూ, చివరి రెండు మైళ్ల సంగతి చూడండి

ఐర్లండ్ గృహనిర్మాణ, స్థానిక పాలన, వారసత్వ శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ కారు అద్దెకు తీసుకుని మీ పల్లెల్లో తిరిగే భార్యాభర్తలకు కాగితాలు సిద్ధం చేసి, దారి చెప్పి పంపేవాళ్లం మేం. అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చేవాళ్ల సంగతి మీకు తెలిసిందే. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోని ఆంగ్లో ఇండియన్ ఇళ్లలోనూ ఐరిష్ ఇంటిపేర్లున్నాయి. కంపెనీ కాలపు మద్రాసు యూరోపియన్ పటాలమే పేర్లు మారుతూ వచ్చి 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ అనే ఐరిష్ పటాలానికి మొదటి బెటాలియన్ అయింది కదా.

రికార్డుల విషయంలో మీ ప్రభుత్వానికి వంక పెట్టలేం. 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి, 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కలు దాదాపుగా బూడిదయ్యాయి. 1861 నుంచి 1891 దాకా ఉన్నవాటిని అంతకుముందే అప్పటి బ్రిటిష్ సర్కారువాళ్లే నాశనం చేశారు. అంత పోయినా, మిగిలినదాన్ని జనానికి ఉచితంగా అందించారు. 1901, 1911 జనాభా లెక్కలు, 1864 నుంచి అందరి జనన, మరణ, వివాహ నమోదుల్లో పాతవి, 1880 ప్రాంతం దాకా కాథలిక్ చర్చి పుస్తకాలు, పన్ను కోసం ఇళ్లకూ భూములకూ విలువ కట్టి రాసిన 1847-64 నాటి గ్రిఫిత్ వాల్యుయేషన్, అన్నీ ఇంట్లో కూర్చుని చూడొచ్చు. ఓపికున్నవాళ్లు టౌన్‌ల్యాండ్, అంటే మీ పల్లెల్లోని అతి చిన్న భూవిభాగం, పేరు దాకా వచ్చేస్తారు. చిక్కు అక్కడి నుంచి మొదలవుతుంది.

ఉత్తర ఐర్లండ్‌తో కలిపి మీ ద్వీపంలో టౌన్‌ల్యాండ్లు 60 వేలకు పైనే. కిల్‌మోర్ లాంటి పేరు పదుల చోట్ల ఉంది. ఫోన్లో ఆ పేరు కొడితే ఒక్కోసారి వేరే కౌంటీకే తీసుకెళ్తుంది. 2015లో వచ్చిన ఎయిర్‌కోడ్ అనే మీ పిన్‌కోడ్ ఇక్కడ అక్కరకు రాదు. అది ఉత్తరాలు అందే చిరునామాకు ఇచ్చేది, కప్పు కూలి మొండిగోడలు మిగిలిన ఇంటికి ఎవరిస్తారు? అందుకే మేం చెప్పే పద్ధతి వేరు. గ్రిఫిత్ వరుసలో పేరు పక్కన, ఉదాహరణకు, 5 అంకె, దాని వెంట చిన్న ఎ అక్షరం ఉంటుంది. అంకె కమతానిది, చిన్న అక్షరం ఇంటిది. వాల్యుయేషన్ పటంలో ఆ గుర్తు పట్టుకుని, పాత ఆరంగుళాల సర్వే పటంతోనూ, తర్వాతి ఇరవై అయిదు అంగుళాల పటంతోనూ పోల్చాలి. ఇంటి బొమ్మ దొరికాక అక్షాంశ రేఖాంశాలు రాసుకుని, ఫోన్లో పేరుకు బదులు ఆ అంకెలే కొట్టాలి. సర్కారు లెక్కల్లోని సివిల్ పారిష్, చర్చి లెక్కల్లోని కాథలిక్ పారిష్ ఒకటే అనుకుని ఇక్కడే బోల్తా పడేవాళ్లు ఎక్కువ. పేరొకటే అయినా వాటి పొలిమేరలు వేరు.

అలా బయలుదేరిన జంట ఎల్ నంబరు రోడ్డు, అంటే స్థానిక పల్లె రోడ్డు, ఎక్కుతుంది. 2025 ఫిబ్రవరి నుంచి అక్కడ గంటకు 60 కిలోమీటర్ల పరిమితి పెట్టారు, మంచి పని. అసలు ఆ మలుపుల్లో 40 దాటడమే కష్టం. నడుమ గడ్డి మొలిచిన బాటలో కారు అడుగుభాగం రాసుకుంటుంది. టైర్లు, అద్దాలు, అడుగుభాగం చాలా అద్దె కార్ల మామూలు బీమాలో ఉండవు. ఆపడానికి చోటు లేక పొలం గేటు ముందు ఆపితే ట్రాక్టరు ఆగిపోతుంది, రైతుతో మాటపట్టింపు వస్తుంది. ముత్తాత గురించి నాలుగు ముక్కలు చెప్పగల మనిషి ఆ రైతే.

మా మొదటి కోరిక రోడ్డు గుర్తులు. టౌన్‌ల్యాండ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రోడ్డు మీద చెప్పే గుర్తు చాలాచోట్ల లేదు. కొన్ని పల్లెల్లో ఊరివాళ్లే పూనుకుని పేరు చెక్కిన రాళ్లు నిలబెట్టారు. అవి ఉన్నచోట జనం తికమకపడటం లేదు. మిగతాచోట్ల ఆ పని కౌంటీ కౌన్సిళ్లతో చేయించండి. రాయి మీద ఐరిష్ పేరుతో పాటు పాత రికార్డుల్లోని ఇంగ్లిష్ స్పెల్లింగూ ఉంటే మేలు. 2005 నుంచి ఐరిష్ మాట్లాడే గేల్‌టాక్ట్ ప్రాంతాల బోర్డుల మీద ఐరిష్ పేర్లే ఉంటున్నాయి. ఆ విధానాన్ని తప్పుపట్టడం లేదు గానీ, బాప్టిజం కాగితం పట్టుకొచ్చినవాడికి దారి తెలియాలి కదా. సందర్శక కేంద్రాలకు పెట్టే ఖర్చులో ఇదెంత?

రెండోది శ్మశానాలు. పాతవి చాలావరకు కౌన్సిళ్ల అజమాయిషీలోనే ఉన్నాయి. కొన్నింటి చుట్టూ ప్రైవేటు పొలం ఉంటుంది. మీ దేశంలో పరాయి పొలంలోకి నడిచే హక్కు సాధారణంగా లేదు. గేటుకు తాళం ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో, ఏ గట్టు వెంట నడవొచ్చో ఒక పలక మీద రాయించండి. దాంతోపాటే సమాధుల నక్షా, చదవగలిగిన పేర్ల జాబితా పెట్టించండి. అవి లేకే జనం ఇనప బ్రష్షుతో రాళ్లు గీకుతున్నారు, సుద్ద పూస్తున్నారు, షేవింగ్ నురగ రాస్తున్నారు. సున్నపురాయి మీద మిగిలిన అక్షరాలు దాంతో శాశ్వతంగా పోతాయి. పక్కనుంచి టార్చి వెలుగు ఏటవాలుగా పడేట్టు పట్టుకుంటే, లేదా చిన్న అద్దంతో ఎండను మళ్లిస్తే చాలు, అక్షరాల నీడలు లేస్తాయి. ఈ రెండు వాక్యాలూ పలక మీద ఉండాలి. పేదల్లో చాలామందికి పేరు చెక్కిన రాయే లేదన్న మాట కూడా రాయించండి. లేని రాయి కోసం గడ్డి పీకేవాళ్లు తగ్గుతారు.

మూడోది గ్రిఫిత్ తర్వాతి సవరణ పుస్తకాలు. ఇవి మా పహాణీల్లాంటివి. కమతం చేతులు మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి, వేరే రంగు సిరాతో కొత్త పేరు రాసి, పక్కన ఏడాది వేశారు. ముత్తాత పేరు ఏ ఏడు కొట్టేశారో తెలిస్తే అతను ఓడెక్కిన కాలమో, పోయిన కాలమో ఇంచుమించుగా దొరుకుతుంది. ఆ పేరు కింద ఎక్కిన మనిషి వారసుడే ఇప్పటి రైతు కావచ్చు, తలుపు తట్టేముందు తెలుసుకోవాల్సింది అదే. ఉత్తర ఐర్లండ్ తన ఆరు కౌంటీల పుస్తకాలను 1864 నుంచి 1933 దాకా ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టింది. మీ 26 కౌంటీలకూ అంతే సులువుగా అందేలా, అవి చూస్తున్న టైల్తె ఎయిరన్ అనే మీ భూరికార్డుల సంస్థతో మాట్లాడి గడువు ప్రకటించండి.

2013లో ‘ద గ్యాదరింగ్’ పేరుతో ప్రపంచంలోని మీ సంతతినంతా రమ్మన్నారు. పిలిచినవాళ్లు పీట కూడా వేయాలి. ముందుగా ఒక్క కౌంటీలో రాళ్లూ పలకలూ పెట్టించి చూడండి. దానికి కావలసిన టౌన్‌ల్యాండ్ పేర్ల పాత స్పెల్లింగుల జాబితా తయారుచేయడానికి మేం సిద్ధం.

ఇట్లు,
పాత పటాలతో దారులు వెతికే తెలుగువాళ్లం