మీటరుతో పాటు ఆదేశాల పట్టిక కూడా ఇవ్వాలి

సంపాదకుల వారికి నమస్కారం.

బెంగళూరులో చాలా అపార్ట్‌మెంట్ల నీటి మీటర్లు, బోరు మోటార్ల స్టార్టర్లు ఇప్పుడు సిమ్ కార్డుతో పనిచేస్తున్నాయి. వాటిలో ఏది మొరాయించినా అమ్మినవాళ్లు చెప్పేది ఒక్కటే: ‘నెట్‌వర్క్ సమస్య’. ఆ మాట నిజమో కాదో తేల్చుకునే వీలు కొన్నవాళ్లకు లేదు. లోపల ఉన్న మోడెమ్‌ను, అంటే సిమ్ ద్వారా నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగాన్ని, చిన్న చిన్న ఆదేశాలతో అడిగితే అదే చెబుతుంది. అడిగే దారిని మాత్రం మూసేసి అమ్ముతున్నారు.

మోడెమ్‌లను పరీక్షించడమే నా ఉద్యోగం కాబట్టి ఇది ఎంత చిన్న పనో చెప్పగలను. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్‌పీ రోడ్డులో దొరికే యూఎస్‌బీ సీరియల్ కన్వర్టరుతో మీటరు పెట్టెలోని పోర్టును, అంటే తీగ తగిలించే చోటును, ల్యాప్‌టాప్‌కు కలిపి, ఆదేశాలు కొట్టి జవాబులు చూసే టెర్మినల్ ప్రోగ్రాంలో ఇంగ్లిష్ అక్షరాల్లో ‘ఏటీ’ అని కొట్టి ఎంటర్ నొక్కాలి. ‘ఓకే’ అని జవాబొస్తే మోడెమ్ బతికే ఉంది. తర్వాత ‘ఏటీ ప్లస్ సీపిన్’ పక్కన ప్రశ్నార్థకం పెట్టి అడిగితే సిమ్ సిద్ధంగా ఉందో లేదో చెబుతుంది. ‘ఏటీ ప్లస్ సీఎస్‌క్యూ’ అంటే సిగ్నల్ బలం 0 నుంచి 31 వరకు ఒక అంకెగా వస్తుంది. 99 వస్తే సిగ్నల్ కొలత అందలేదన్నమాట. ‘ఏటీ ప్లస్ సీరెగ్’ పక్కన కూడా ప్రశ్నార్థకం పెట్టి అడిగినప్పుడు స్థితి 1 అని వస్తే సొంత నెట్‌వర్క్‌లో నమోదైనట్టు, 3 అని వస్తే నెట్‌వర్క్ నిరాకరించినట్టు. ఈ నాలుగు ప్రశ్నలకు అయిదు నిమిషాలు చాలు. తప్పు సిమ్‌దా, సిగ్నల్‌దా, మీటరుదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటు మీటరు వేసవిలో రీడింగులు పంపడం మానేసింది. పక్కనే కూర్చున్న వాచ్‌మన్ ఫోనులో మీటరు సిమ్ కంపెనీ సిగ్నలే నిండుగా ఉంది. అయినా నెట్‌వర్క్ సమస్యేనని అమ్మినవాళ్లు వాదించారు. ట్యాంకర్లకు డబ్బు పోస్తున్న నెలల్లో అందరికీ సగటు లెక్కన బిల్లులు వేశారు. చివరకు తేలిందేమిటంటే, మీటరు సరఫరా చేసినవాళ్లే సిమ్ ప్లాను గడువు దాటనిచ్చారు. పొదుపుగా నీళ్లు వాడుకున్న ఇంటివాళ్లు చేయని వాడకానికి డబ్బు ఎందుకు కట్టాలి?

ఈ ఆదేశాలు ఎవరి సొంత రహస్యమూ కావు. 1981లో అమెరికాలోని హేస్ సంస్థ సెకనుకు 300 బిట్ల స్మార్ట్‌మోడెమ్‌తో తెచ్చిన పద్ధతి ఇది. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చాక, ఇళ్లలో కీచుమంటూ నంబరు కలిపిన డయలప్ మోడెమ్‌లు కూడా ఈ బాణీలోనే నడిచాయి. మొబైల్ మోడెమ్‌ల ఆదేశాలు, మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే అంతర్జాతీయ కూటమి 3జీపీపీ వారి 27.007 ప్రమాణంలో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అయితే తయారీదారులు వాటికి తమ సొంత ఆదేశాలు కొన్ని కలుపుతారు. పోర్టు ఎక్కడుందో, పోర్టు వేగం సెకనుకు 9600 బిట్లు పెట్టాలో 1,15,200 పెట్టాలో కూడా చెప్పరు. మాకు కావలసింది ఆ కాగితమే.

పోర్టు తెరిస్తే ఎవరైనా రీడింగులు మార్చేస్తారని అభ్యంతరం చెబుతారు. ఆ భయం ఉత్తది కాదు. కానీ స్థితిని అడిగే ఆదేశాలు వేరు, అమరికలు మార్చేవి వేరు. అడిగేవాటిని మాత్రమే అనుమతించి, మార్చేవాటికి పాస్‌వర్డు పెట్టి, మూతకు సీలు వేయడం తయారీదారులకు కష్టమైన పనేమీ కాదు. అన్ని పెట్టెలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మడం ఇంతకంటే పెద్ద ప్రమాదం.

ప్రజల డబ్బుతో, నివాసుల సంఘాల డబ్బుతో కొనే ప్రతి సిమ్ మీటరుకూ ఆదేశాల పట్టిక, పోర్టు వివరాలు, సిమ్ గడువు తేదీ రాతపూర్వకంగా ఇవ్వాలని అధికారులు టెండరు షరతుల్లోనే చేర్చాలి. ఫిర్యాదుకు ‘నెట్‌వర్క్ సమస్య’ అని జవాబిస్తే, ఆ రోజు మోడెమ్ ఇచ్చిన సమాధానాల నకలు జతచేయాలి. అది లేకుండా సగటు బిల్లు వేయకూడదు.

— ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, మారతహళ్లి, బెంగళూరు