మోకాలు ఎంత వంగిందో మా ఊళ్లోనే కొలవాలి

సంపాదకులకు నమస్కారం.

నేను ఎమ్మిగనూరులో గుంట మగ్గం నేస్తాను. గుంటలోకి కాళ్లు దించి కర్రలు తొక్కితేనే మాకు కూలి. పోయిన ఏడాది బైకు మీది నుంచి పడి నా మోకాలి చిప్ప పగిలింది. 6 వారాల తర్వాత కట్టు విప్పితే కాలు కొయ్యలా బిగుసుకుపోయింది.

ఫిజియోథెరపీకి కర్నూలు పోవాలి. తోడు వచ్చిన నా భార్యకు ఆ రోజు కూలి పోయినట్టే. అంత దూరం పోతే ఒకరు కంటితో చూసి 70 డిగ్రీలు వంగుతోందన్నారు. అదే వారం ఇంకొకరు 85 అన్నారు. ఏది నమ్మాలి?

చివరికి పాలిటెక్నిక్ చదివే మా అబ్బాయి ఫోనుతో కొలిచాడు. ఫోను అడ్డంగా తిప్పితే తెర తిరగడానికి లోపల యాక్సెలరోమీటర్ ఉంటుంది కదా, వాలు ఎంతో చెప్పేదీ అదే. యాప్ ఉచితం. మంచం అంచున తొడ సమంగా ఆనించి కూర్చుంటే, మోకాలి కింది కాలు నిటారుగా వేలాడితే 90 డిగ్రీలు. మొదటి రోజు నాది నిటారుదాకా రానేలేదు, 28 డిగ్రీలు ముందుకే నిలిచిపోయింది. అంటే 62. తొడ లేస్తే లెక్క తప్పుతుంది, అందుకే నా భార్య చేత్తో అదిమి పట్టుకునేది. ఫోను మోకాలి కింది కాలికి రోజూ ఒకే చోట కట్టాలి.

క్యాలెండర్ మీద రాస్తూ వచ్చాం. 12 రోజులు 81 దగ్గరే ఆగింది. ఆ మాట చెప్పగానే డాక్టరుగారు ఫోనులోనే వ్యాయామం మార్చారు. ఇప్పుడు 112. మగ్గంలో కూర్చుంటున్నాను, నేల మీద బాసింపట్టు మాత్రం ఇంకా పడటం లేదు.

ఫోన్లతో తీసిన వీడియో నుంచే కీళ్ల కదలిక లెక్కగట్టే ఓపెన్‌క్యాప్‌ను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేశారట. మాకు అంత అక్కర్లేదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కీలు ఎంత వంగిందో కొలిచే ప్లాస్టిక్ గోనియోమీటర్ ఒకటి పెట్టండి, కొన్ని వందల రూపాయలకే వస్తుంది. నర్సమ్మలకు కొలవడం నేర్పండి. కట్టు విప్పిన రోజే డిగ్రీలు చీటీ మీద రాసివ్వండి. ఫోనులో వైద్యం చెప్పే ప్రభుత్వ సేవ ఈ-సంజీవనిలో పెద్ద డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఆ అంకె చెప్పుకోగలం.

మా వీధిలో భుజం జారిన అక్క ఒకామె కండెలు చుట్టడం మానేసి 4 నెలలైంది. ఆమె చెయ్యి ఎంత లేస్తోందో ఇప్పటిదాకా ఎవరూ కొలవలేదు.

– ఒక చేనేత కార్మికుడు, ఎమ్మిగనూరు, కర్నూలు జిల్లా